పతకాలు జాతీయ జట్టువి, జీతాలు పరాయి దేశానివి: స్పెయిన్ మహిళా హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి కెరీర్ ఎలా నడుస్తుంది?

క్లుప్తంగా: స్పెయిన్ మహిళల హ్యాండ్‌బాల్ జట్టు 2008 నుంచి 2019 వరకు అయిదు పెద్ద పతకాలు గెలిచింది. అదే కాలంలో ఆ జట్టుకు క్రీడాకారిణులను తయారుచేసిన దేశీయ క్లబ్బులు అప్పుల్లో కూరుకుపోయాయి, కొన్ని మూతపడ్డాయి. దాంతో జాతీయ జట్టుకు ఆడే అమ్మాయి కెరీర్ స్పెయిన్‌లో మొదలై ఫ్రాన్స్, హంగరీ, రొమేనియా లాంటి దేశాల్లో పండటం మామూలైపోయింది. ఈ వలస కొంతకాలం జట్టుకు బలమిచ్చింది. పునాది దెబ్బతిన్న సంగతి మాత్రం పదేళ్లు ఆలస్యంగా, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఒక్క గెలుపూ దక్కనప్పుడు అందరికీ కనిపించింది.

2012 వేసవి

2012 ఆగస్టు 11న లండన్ ఒలింపిక్స్ కాంస్య పతక పోరులో స్పెయిన్, దక్షిణ కొరియా తలపడ్డాయి. హ్యాండ్‌బాల్ మ్యాచ్ అరవై నిమిషాలు. ఆ రోజు అరవై నిమిషాలకు ఫలితం తేలలేదు. పది నిమిషాల అదనపు సమయం ఇచ్చారు, అప్పుడూ తేలలేదు. మరో పది నిమిషాల తర్వాత 31–29తో స్పెయిన్ గెలిచింది. ఒలింపిక్స్‌లో ఆ దేశ మహిళల హ్యాండ్‌బాల్‌కు అదే తొలి పతకం. అంతకు ఎనిమిది నెలల ముందే ఇదే జట్టు బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో డెన్మార్క్‌ను 24–18తో ఓడించి కాంస్యం తెచ్చుకుంది. స్పెయిన్ పత్రికలు ఆ అమ్మాయిలను ‘గెరెరాస్’, అంటే యోధురాళ్లు అని పిలిచాయి. ఆ పేరే జట్టుకు స్థిరపడింది.

అదే వేసవిలో మరో కథ నడుస్తోంది. ఆ జట్టులో పలువురు ఆడిన ఇచాకో క్లబ్బు అప్పటికే జీతాలు చెల్లించలేని స్థితికి చేరింది. వరసగా నాలుగుసార్లు స్పెయిన్ లీగ్ గెలిచిన క్లబ్బు అది. అంతకు ముందు ఏడాది యూరప్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. 2013 నాటికి క్లబ్బే కనుమరుగైంది. పతకం మెడలో పడిన కొద్దిరోజులకే కొందరు కొత్త దేశంలో కొత్త ఒప్పందం మీద సంతకం చేయాల్సి వచ్చింది.

ఈ రెండూ విడివిడి ఘటనలు కావు. స్పెయిన్‌లో ఒక క్రీడాకారిణి కెరీర్‌ను ఏ శక్తులు నడుపుతున్నాయో అర్థం చేసుకోవాలంటే ఈ రెంటినీ కలిపే చూడాలి.

ఊరి వ్యాయామశాల నుంచి జాతీయ జట్టుకు

నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉండే కోర్టులో ఒక్కో వైపు ఏడుగురు ఆడతారు. ఒకరు గోల్‌కీపర్. గోల్ ముందున్న ఆరు మీటర్ల గీత లోపలి భాగం ఆమెదే. మిగతా వాళ్లు ఆ గీత బయటి నుంచి, లేదా గీత మీదుగా గాలిలోకి ఎగిరి బంతి విసరాలి. రెండు అంచుల్లో వింగ్‌లు, వెనక ముగ్గురు బ్యాక్‌లు, ప్రత్యర్థి రక్షణ వరస మధ్యలో దూరి నిలబడే పివట్. స్థూలంగా దాడి అమరిక ఇది.

నార్వే, డెన్మార్క్, రష్యా జట్లతో పోలిస్తే స్పెయిన్ క్రీడాకారిణుల ఎత్తు సగటున తక్కువ. తొమ్మిది పది మీటర్ల దూరం నుంచి రక్షణ వరస మీదుగా బలంగా కొట్టే బ్యాక్‌లు అక్కడ అరుదు. అందుకే 2007 నుంచి పదేళ్లు జాతీయ కోచ్‌గా ఉన్న హోర్హె దుఎన్యాస్ రక్షణనే ఆయుధం చేసుకున్నారు. అయిదుగురు గీత దగ్గర నిలబడితే ఒకరు ముందుకు వచ్చి ప్రత్యర్థి పాస్‌లను చెడగొడతారు. దొరికిన బంతిని క్షణాల్లో అవతలి గోల్‌కు చేరుస్తారు. ఈ పద్ధతిలో వేగంగా పరుగెత్తే వింగ్‌కూ, తొలి పాస్‌ను కచ్చితంగా విసిరే గోల్‌కీపర్‌కూ విలువ పెరుగుతుంది.

అల్మేరియా తీరంలోని రొకేతాస్ దె మార్‌లో 1988లో పుట్టిన కార్మెన్ మార్తిన్ ఈ పద్ధతికి చక్కగా సరిపోయారు. ఆమెది ఎడమచేతి వాటం, ఆడేది కుడి వింగ్. కుడి అంచు నుంచి దూకినప్పుడు ఎడమచేయి కోర్టు మధ్య వైపుకు ఉంటుంది. దాంతో గోల్ ఆమెకు మరింత వెడల్పుగా కనిపిస్తుంది. కుడిచేతి వాటం వాళ్లకు అదే చోట కోణం మూసుకుపోతుంది. అందుకే కుడి వైపు ఆడగల ఎడమచేతి క్రీడాకారిణికి యూరప్ అంతటా గిరాకీ. 2011 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆదర్శ జట్టులో కుడి వింగ్ స్థానానికి ఆమెనే ఎంపిక చేశారు. అప్పటికి ఆమె వయసు ఇరవై మూడు.

స్పెయిన్‌లో చిన్న పట్టణానికి కూడా మునిసిపల్ ఇండోర్ స్టేడియం ఉంటుంది. బడి వయసులో ఆట అక్కడే మొదలవుతుంది. ఊరి క్లబ్బు, ప్రాంతీయ సమాఖ్య ఎంపిక జట్టు, జాతీయ స్థాయి వయోవిభాగ జట్లు అన్నవి తర్వాతి మెట్లు. ఈ మెట్లన్నీ దాదాపుగా ప్రజాధనంతో, స్వచ్ఛందంగా పనిచేసే కోచ్‌లతో నడుస్తాయి. ఇక్కడిదాకా స్పెయిన్ వ్యవస్థ బలంగానే ఉంది. చిక్కు వచ్చేది పద్దెనిమిదేళ్లు దాటాక, ఆట జీవనోపాధిగా మారాల్సిన చోట.

చిన్న ఊరికి పెద్ద క్లబ్బు

స్పెయిన్ మహిళల హ్యాండ్‌బాల్‌లో గొప్ప క్లబ్బులు మాడ్రిడ్, బార్సిలోనాల్లో పుట్టలేదు. వలెన్సియా ప్రాంతపు క్లబ్బు ఒకటి క్రిస్తినా మాయో శిక్షణలో 1997లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. స్పెయిన్ నుంచి ఆ కప్పు అందుకున్న ఏకైక మహిళా క్లబ్బు అదే. స్పాన్సర్ మారినప్పుడల్లా అలాంటి క్లబ్బుల పేర్లూ మారుతూ వచ్చాయి. వలెన్సియాకు ఉత్తరాన ఉన్న సగుంతో పట్టణపు జట్టు ఒక దశలో ఆస్ట్రోక్ అనే స్థిరాస్తి సంస్థ పేరుతో ఆడింది. 2007 వసంతంలో ఆ సంస్థ షేరు స్టాక్ మార్కెట్లో కుప్పకూలింది. స్పెయిన్ గృహనిర్మాణ బుడగ పగలబోతోందనడానికి తొలి సంకేతాల్లో ఒకటిగా ఆర్థిక విశ్లేషకులు ఆ పతనాన్ని గుర్తుచేసుకుంటారు. హ్యాండ్‌బాల్ వాళ్లకు మాత్రం అది చొక్కా మీది పేరు.

ఇచాకోది నవార్రా ప్రాంతంలోని ఎస్తెయా పట్టణం. జనాభా పద్నాలుగు వేలకు అటూ ఇటూ. అంత చిన్న ఊరి క్లబ్బు 2009లో యూరప్ హ్యాండ్‌బాల్ సమాఖ్య నడిపే ఈహెచ్ఎఫ్ కప్పు గెలిచింది. 2011లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో నార్వే క్లబ్బు లార్విక్ చేతిలో, రెండు అంచెల పోరులో స్వల్ప తేడాతో ఓడింది. ఆ సంవత్సరాల్లో దాని పూర్తి పేరు ‘ఇచాకో రేయ్నో దె నవార్రా’. పేరు చివర ఉన్నది నవార్రా ప్రాంతీయ ప్రభుత్వపు పర్యాటక ప్రచార ముద్ర. క్లబ్బుకు ప్రధాన ఆధారం ఎవరన్నది ఆ పేరులోనే ఉంది.

ఇలాంటి క్లబ్బు ఆదాయంలో టిక్కెట్ల వాటా తక్కువ, టీవీ హక్కుల వాటా నామమాత్రం. మిగిలేవి రెండు: ప్రభుత్వ సాయం, స్థానిక సంస్థల స్పాన్సర్‌షిప్. స్పెయిన్‌లో ఈ రెండూ ఒకే వేరు నుంచి నీరు తాగేవి. స్థిరాస్తి లావాదేవీల పన్నులు ప్రాంతీయ ప్రభుత్వాల ఖజానా నింపేవి. నిర్మాణ సంస్థలు, ప్రాంతీయ పొదుపు బ్యాంకులు స్పాన్సర్లుగా వచ్చేవి. 2008 తర్వాత ఇళ్ల ధరలు పడిపోగానే రెండు దారులూ ఒకేసారి మూసుకుపోయాయి. ప్రాంతీయ ప్రభుత్వాలు లోటు తగ్గించుకోవడానికి ఖర్చులు కోశాయి. పొదుపు బ్యాంకులు విలీనాల్లో మాయమయ్యాయి. నవార్రాలో తొమ్మిది దశాబ్దాల చరిత్ర ఉన్న కాహా నవార్రా అనే పొదుపు బ్యాంకు కూడా 2012 నాటికి కైషాబ్యాంక్‌లో కలిసిపోయింది.

కోత వెంటనే క్లబ్బును ముంచదు. సీజన్ మొదట్లో వస్తుందనుకున్న సాయాన్ని లెక్కలోకి తీసుకుని ఒప్పందాలు రాసుకుంటారు. ఆ డబ్బు ఆలస్యమవుతుంది, కొంతే వస్తుంది, లేదా వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. ముందు ప్రయాణ ఖర్చులకు అప్పు చేస్తారు, తర్వాత జీతాలు ఆగుతాయి. బకాయిలు పెరిగిన క్లబ్బుకు క్రీడాకారిణిని ఆపే హక్కూ చేతిలో మిగలదు. ఒప్పందాన్ని ముందు ఉల్లంఘించింది క్లబ్బే కాబట్టి ఆమె బదిలీ రుసుము లేకుండానే వెళ్లిపోగలదు. మంచి క్రీడాకారిణిని అమ్మి అప్పు తీర్చుకునే దారీ అలా మూసుకుపోతుంది. ఇచాకో దగ్గర జరిగింది ఇదే. 2012 వేసవిలో కోచ్ అంబ్రోస్ మార్తిన్ హంగరీ క్లబ్బు గ్యోర్‌కు వెళ్లారు. మరుసటి ఏడాదే, 2013లో, గ్యోర్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. 2014, 2017, 2018లో కూడా ఆయన శిక్షణలోనే గెలిచింది. ఎస్తెయాలో పండిన నైపుణ్యం ఎక్కడ ఫలించిందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఆ దేశాల్లో ఏముంది?

స్పెయిన్ క్రీడాకారిణులు చేరిన దేశాలన్నీ ధనిక దేశాలు కావు. తలసరి ఆదాయంలో హంగరీ, రొమేనియాలు స్పెయిన్ కన్నా వెనకే. తేడా ఉన్నది క్లబ్బులకు డబ్బు వచ్చే దారిలో.

హంగరీలో కంపెనీలు చెల్లించాల్సిన పన్నులో కొంత భాగాన్ని నేరుగా ఎంపికచేసిన జట్టు క్రీడలకు మళ్లించుకునే ఏర్పాటు 2011లో వచ్చింది. ఆ క్రీడల్లో హ్యాండ్‌బాల్ ఒకటి. గ్యోర్‌కు తోడు ఊళ్లోనే ఆడీ కార్ల ఇంజిన్ల కర్మాగారం ఉంది. నవార్రా నుంచి వచ్చిన నెరేయా పేనా ఇచాకో తర్వాత బుడాపెస్ట్‌లోని ఫెరెన్స్‌వారోష్‌కు చేరారు. బలటోన్ సరస్సు ఒడ్డున ఉన్న షియోఫోక్‌కు కూడా ఆడారు. రొమేనియాలో మునిసిపాలిటీలే క్లబ్బులను నడుపుతాయి. రాజధాని నగర పాలక సంస్థ నిధులతో నడిచే సీఎస్ఎం బుకారెస్ట్ 2016లో ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. కార్మెన్ మార్తిన్ ఆ తర్వాత అక్కడ ఆడారు. అంతకు ముందు ఫ్రాన్స్‌లోని నీస్‌కు ఆడారు.

వీటిలో ఎక్కువ శ్రద్ధగా చూడాల్సింది ఫ్రాన్స్. 2008లో, సరిగ్గా స్పెయిన్ క్లబ్బులు కుంగడం మొదలైన ఏడాదే, అక్కడ మహిళల హ్యాండ్‌బాల్‌కు ప్రత్యేక వృత్తి లీగ్ ఏర్పడింది. లీగ్‌లో ఆడాలంటే క్లబ్బు తన పద్దులను ఆర్థిక నియంత్రణ సంఘానికి చూపించాలి. లెక్క కుదరకపోతే పాయింట్ల కోత, కింది స్థాయికి దించడం లాంటి శిక్షలుంటాయి. క్రీడాకారిణికి దీని అర్థం చాలా సూటిగా ఉంటుంది: ఒప్పందంలో రాసిన జీతం నెలనెలా వస్తుంది. కనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌లో 1983లో పుట్టిన మార్తా మంగే 2008 యూరప్ రజతం, 2011 ప్రపంచ కాంస్యం, 2012 ఒలింపిక్ కాంస్యం, 2014 యూరప్ రజతం గెలిచిన జట్లలో ఆడిన బ్యాక్. ఆమె క్లబ్బు కెరీర్‌లో కొంత భాగం ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో ఉన్న బ్రెస్ట్‌లో గడిచింది. అలెక్సాంద్రినా బార్బోసా రష్యాలోని రొస్తోవ్‌కూ, ఫ్రాన్స్‌లోని నాంత్‌కూ ఆడారు.

అందరూ వెళ్లలేదు. వలెన్సియాలో 1979లో పుట్టిన గోల్‌కీపర్ సిల్వియా నవారో ఇచాకో రోజుల తర్వాత కనరీ దీవుల క్లబ్బు రొకాసాకు ఆడారు. ఆ క్లబ్బు 2016లో, 2019లో యూరప్ ఛాలెంజ్ కప్పు గెలిచింది. అది యూరప్ పోటీల్లో కింది అంచెది. అయినా ఒకప్పుడు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన దేశపు క్లబ్బులకు ఇప్పుడు అందుబాటులో ఉన్న ఎత్తు అదే. లండన్ కాంస్యం గెలిచిన నవారో నలభై ఏళ్ల వయసులో 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా ఆడారు. అంత సుదీర్ఘ కెరీర్ ఆమె గొప్పతనానికి నిదర్శనం. ఆ స్థానానికి పోటీపడే తర్వాతి తరం అంత ఆలస్యంగా వచ్చిందన్న మాట కూడా అందులో ఉంది.

వలస ఎందుకు లాభించింది?

దేశీయ లీగ్ కుంగితే జాతీయ జట్టు వెంటనే కుంగాలి కదా అన్నది సహజమైన ప్రశ్న. 2014లో స్పెయిన్ యూరప్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ చేరింది. బుడాపెస్ట్‌లో నార్వే చేతిలో 25–28తో ఓడి రజతం తెచ్చుకుంది. 2016 రియోలో క్వార్టర్ ఫైనల్ ఫ్రాన్స్‌తో. మొదటి సగానికి స్పెయిన్ 12–5తో ముందుంది. ఫ్రాన్స్ కోలుకుని అదనపు సమయంలో 27–26తో గెలిచింది. ఓడిపోయినా, అది బలహీనమైన జట్టు ఆట కాదు. క్లబ్బులు కూలిన నాలుగేళ్ల తర్వాత కూడా జట్టు అదే స్థాయిలో ఉంది.

కారణం, వలస వెళ్లింది పూర్తిగా తయారైన క్రీడాకారిణులు. వాళ్లు ఇచాకో, సగుంతో, అలికాంతె ప్రాంతపు క్లబ్బుల్లో ఇరవైల్లోనే యూరప్ స్థాయి మ్యాచ్‌లు ఆడారు. ఒకే రక్షణ పద్ధతి ఒంటబట్టించుకున్నారు. ఆ తర్వాత హంగరీలో, ఫ్రాన్స్‌లో ప్రతి వారం ఎత్తయిన, బలమైన ప్రత్యర్థులను ఎదుర్కొన్నారు. అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల ప్రకారం నిర్ణీత తేదీల్లో క్లబ్బులు వాళ్లను జాతీయ జట్టుకు వదలక తప్పదు. అలా స్పెయిన్ సమాఖ్య జీతం చెల్లించకుండానే విదేశీ శిక్షణ పొందిన జట్టును అందుకుంది. విదేశీ క్లబ్బులు పెట్టిన ఖర్చుతో స్పెయిన్ పతకాలు గెలిచిందనడం అతిశయోక్తి కాదు.

ఆ దశకు శిఖరం 2019 డిసెంబరు, జపాన్. కార్లోస్ వివెర్ శిక్షణలోని జట్టు సెమీఫైనల్లో నార్వేను 28–22తో ఓడించింది. మహిళల హ్యాండ్‌బాల్‌లో నార్వేను ఆరు గోల్స్ తేడాతో ఓడించడం మామూలు విషయం కాదు. డిసెంబరు 15న కుమమోతోలో నెదర్లాండ్స్‌తో ఫైనల్. వెనకబడిన స్పెయిన్ పుంజుకుని ఆట ముగిసే క్షణాల్లో 29–29 చేసింది. మ్యాచ్ అదనపు సమయానికి వెళుతోందనుకున్నప్పుడు రిఫరీలు ఆట ఆపి వీడియో చూశారు. చివరి ముప్పై సెకన్లలో ప్రత్యర్థి దాడిని నియమవిరుద్ధంగా ఆపితే శిక్ష రెట్టింపు: తప్పు చేసిన వాళ్లకు రెడ్ కార్డు, ఎదుటి జట్టుకు పెనాల్టీ లాంటి ఏడు మీటర్ల త్రో. మామూలు సమయంలో చిన్న శిక్షతో పోయే చర్య కూడా ఆ ముప్పై సెకన్లలో కప్పునే చేజార్చగలదు. ఆ త్రో నెదర్లాండ్స్‌కు దక్కింది, ఆ జట్టు క్రీడాకారిణి లోయిస్ అబ్బింగ్ దాన్ని గోల్ చేశారు. 30–29. స్పెయిన్ మహిళల హ్యాండ్‌బాల్‌కు ఇప్పటిదాకా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అత్యుత్తమ ఫలితం ఆ రజతమే.

రెండేళ్ల తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలిసారి స్పెయిన్‌లో జరిగింది. తొర్రెవియేహా, యీరియా, కాస్తెయో, గ్రానొయెర్స్ పట్టణాలు ఆతిథ్యమిచ్చాయి. గ్రానొయెర్స్ స్టేడియం 1992 బార్సిలోనా ఒలింపిక్స్ హ్యాండ్‌బాల్‌కు కట్టింది. ఒలింపిక్స్‌లో స్పెయిన్ మహిళల జట్టు తొలిసారి ఆడింది కూడా ఆ క్రీడల్లోనే. సొంత గడ్డ మీద స్పెయిన్ సెమీస్‌లో నార్వే చేతిలో, కాంస్య పోరులో డెన్మార్క్ చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. అంతకు కొన్ని నెలల ముందే టోక్యో ఒలింపిక్స్‌లో గ్రూపు దశ కూడా దాటలేదు. 2021లో వచ్చిన ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెడితే జట్టు దిగుడుమెట్ల మీద ఉందని తెలుస్తుంది. నాలుగో స్థానపు సంబరంలో ఆ సంగతి చాలామందికి పట్టలేదు.

పురుషుల జట్టుతో తేడా

సంక్షోభం పురుషుల క్లబ్బులనూ వదల్లేదు. సియుదాద్ రియాల్ నుంచి మాడ్రిడ్‌కు మారి అత్లెతికో పేరుతో ఆడిన పెద్ద క్లబ్బు 2013లో మూతపడింది. పాంప్లోనాలోని శాన్ అంతోనియో క్లబ్బు కూడా అదే ఏడాది ముగిసింది. పురుషుల జట్టులోనూ చాలామంది జర్మనీ, పోలండ్, ఫ్రాన్స్, హంగరీ వెళ్లారు. అయినా స్పెయిన్ పురుషులు 2018లో, 2020లో యూరప్ ఛాంపియన్లయ్యారు. టోక్యోలో, పారిస్‌లో ఒలింపిక్ కాంస్యాలు గెలిచారు.

ఒకే దెబ్బకు రెండు రకాల ఫలితాలు రావడానికి ముఖ్య కారణం బార్సిలోనా క్లబ్బు అనిపిస్తుంది. ఫుట్‌బాల్ ఆదాయంతో నడిచే ఆ సంస్థ పురుషుల హ్యాండ్‌బాల్ జట్టును సంక్షోభంలోనూ యూరప్ శిఖరాన నిలబెట్టింది. ప్రతి ఏడాదీ కొందరు స్పెయిన్ యువకులు ఛాంపియన్స్ లీగ్ స్థాయి శిక్షణ పొందే చోటు దేశంలో ఒక్కటైనా మిగిలింది. మహిళల హ్యాండ్‌బాల్‌కు అలాంటి ఆసరా లేదు. ఇచాకో తర్వాత శాన్ సెబాస్టియన్‌కు చెందిన బేరా బేరా దేశీయ లీగ్‌ను ఏలింది. 2013లో తొలి టైటిల్ గెలిచి ఆ తర్వాత పదే పదే గెలిచింది. కానీ యూరప్ అగ్రశ్రేణి క్లబ్బులతో పోటీపడే వనరులు దానికి లేవు. ఇప్పుడు పద్దెనిమిదేళ్ల అమ్మాయి ముందున్న దారులు రెండు: తక్కువ స్థాయి లీగ్‌లో నాలుగైదేళ్లు ఆడటం, లేదా పూర్తిగా తయారుకాకముందే విదేశానికి వెళ్లి అక్కడి బెంచీ మీద కూర్చోవడం. 2012లో వెళ్లిన తరానికి ఈ ఇబ్బంది లేదు. అసలు తేడా అక్కడే ఉంది.

జీతం, చదువు, తల్లితనం

స్పెయిన్ 1990 క్రీడా చట్టం కింద ‘వృత్తి పోటీ’ హోదా ఎన్నో ఏళ్లు పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే పరిమితమైంది. మహిళల ఫుట్‌బాల్ లీగ్‌కు ఆ హోదా 2021లో దక్కింది. హ్యాండ్‌బాల్‌లో పురుషుల లీగ్‌కే అది లేదు, మహిళల సంగతి చెప్పనక్కరలేదు. హోదా లేని లీగ్‌లో కూడా జీతం తీసుకునే క్రీడాకారిణికి 1985 నాటి ప్రత్యేక కార్మిక నిబంధనలు వర్తిస్తాయి. కానీ కొన్ని క్లబ్బులు చెల్లింపును జీతంగా కాక ఖర్చుల పరిహారంగా చూపించుకునే వీలు దొరుకుతుంది. అలా చూపిస్తే సామాజిక భద్రతా చందా పడదు. పదిహేనేళ్లు ఆడి మానేసిన మనిషికి పింఛను లెక్కలో ఆ ఏళ్లలో కొన్ని ఖాళీగా మిగులుతాయి. ఆట వదిలేశాక మాత్రమే బయటపడే నష్టం ఇది.

అందుకే స్పెయిన్ క్రీడాకారిణులు చదువును వదలరు. 2007 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఉన్నత స్థాయి క్రీడాకారులకు విశ్వవిద్యాలయాలు కనీసం 3 శాతం సీట్లు కేటాయించాలి. ఈ ఏర్పాటు బాగా పనిచేసిన వాటిలో ఒకటి. అయితే వలస వెళ్లిన వాళ్లకు హాజరు, పరీక్షల తేదీలు కొత్త చిక్కులు తెస్తాయి.

తల్లి కావాలనుకున్న క్రీడాకారిణి పరిస్థితి ఇంకా కఠినం. గర్భం దాలిస్తే ఒప్పందం రద్దవుతుందన్న షరతులు స్పెయిన్ మహిళా క్రీడల్లో, హ్యాండ్‌బాల్‌తో సహా, చాలాకాలం వివాదాస్పదంగా ఉన్నాయి. 2022 డిసెంబరులో వచ్చిన కొత్త క్రీడా చట్టం అలాంటి షరతులు చెల్లవని తేల్చింది. ఇది పెద్ద ముందడుగే. కానీ చట్టం కాపాడేది ఒప్పందం నడుస్తున్న కాలాన్ని. స్పెయిన్‌లో ఎక్కువ ఒప్పందాలు ఒకటి రెండేళ్లవే. గడువు తీరాక కొత్త ఒప్పందం ఇవ్వకపోవడానికి క్లబ్బు కారణం చెప్పనవసరం లేదు. ఫ్రాన్స్ మహిళల లీగ్‌లో 2021లో కుదిరిన సామూహిక ఒప్పందం ఈ ఖాళీని కూడా తడిమి, గర్భిణి క్రీడాకారిణి జీతానికి రక్షణ కల్పించింది. ఇరవై ఎనిమిదేళ్ల స్పెయిన్ క్రీడాకారిణి ఫ్రాన్స్‌లోనే ఉండిపోవాలనుకోవడానికి జీతం ఒక్కటే కారణం కాదు.

నార్వేలోనూ కూలాయి

ఇదంతా స్పెయిన్ నిర్వహణ లోపమే అనుకుంటే పొరపాటు. నార్వే క్లబ్బు వైపర్స్ క్రిస్టియన్‌శాండ్ 2021, 2022, 2023లో వరసగా ఛాంపియన్స్ లీగ్ గెలిచి 2025 జనవరిలో దివాలా తీసింది. మహిళల హ్యాండ్‌బాల్‌లో శిఖరాన ఉన్న క్లబ్బు ఆదాయం కూడా ఎంత పలచటిదో దీన్నిబట్టి తెలుస్తుంది. తేడా ఏమిటంటే, నార్వేలో ఆ క్లబ్బు పోయినా దాని కింద ఆడపిల్లలు ఆడే క్లబ్బుల వరస చెక్కుచెదరలేదు. ఆటకు ప్రేక్షకులున్నారు, జాతీయ జట్టు మ్యాచ్‌లకు టీవీ ఉంది. స్పెయిన్‌లో పై అంతస్తు పోయినప్పుడు దాని కింద మరొకటి సిద్ధంగా లేదు.

పారిస్ తర్వాత

2024 ఏప్రిల్‌లో తొర్రెవియేహాలో జరిగిన అర్హత పోటీల ద్వారా స్పెయిన్ పారిస్ ఒలింపిక్స్‌కు చేరింది. శిక్షకుడు అంబ్రోస్ మార్తిన్, అంటే ఇచాకోను ఫైనల్‌కు చేర్చి, గ్యోర్‌ను నాలుగుసార్లు గెలిపించిన మనిషే. పారిస్‌లో అయిదు మ్యాచ్‌లూ ఓడింది. అంగోలా, బ్రెజిల్ చేతుల్లో కూడా ఓడింది. పన్నెండు జట్లలో చివరి స్థానం. కోచ్ స్థాయిని తప్పుపట్టడానికి పెద్దగా వీలు లేదు. లండన్ తరంలో దాదాపు అందరూ తప్పుకున్నారు. వాళ్ల స్థానంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది ఎదిగింది ఇచాకో లేని స్పెయిన్‌లో.

లీగ్‌కు ఇప్పుడు ఇబెర్ద్రోలా విద్యుత్ సంస్థ పేరు ఉంది. మహిళా క్రీడలకు ఆ సంస్థ చాలా ఏళ్లుగా మద్దతిస్తోంది. స్థిరాస్తి సంస్థల కన్నా, ఒక్క ప్రాంతీయ ప్రభుత్వం మీద ఆధారపడటం కన్నా ఇది గట్టి ఆసరా. కానీ ఈ డబ్బు లీగ్‌కు, సమాఖ్యకు చేరుతుంది. ఒక్కో క్లబ్బు జీతాల పద్దు ఇప్పటికీ మునిసిపాలిటీ, స్థానిక వ్యాపారుల మీదే నిలబడి ఉంది. ఫ్రాన్స్ తరహాలో సీజన్ మొదలుకాకముందే పద్దులు తనిఖీ చేసి, చెల్లించగలిగే జీతానికే సంతకం పెట్టించే ఏర్పాటు గట్టిగా అమలైతే జీతాలు మొదట్లో తగ్గవచ్చు, కొందరు ఇంకా తొందరగా దేశం విడిచిపోవచ్చు. అయినా ఇరవై ఏళ్ల అమ్మాయికి దేశంలో నాలుగు సీజన్లు నమ్మకంగా ఆడే చోటు దొరకాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడే. దాని ఫలితం జాతీయ జట్టులో కనిపించడానికి కూడా ఏడెనిమిదేళ్లు పడుతుంది. అంటే 2028 లాస్ ఏంజెలెస్ కన్నా 2032 బ్రిస్బేన్ ఒలింపిక్స్‌కు వెళ్లే జట్టును చూసే దాని ఫలితాన్ని అంచనా వేయాలి.